పాఠశాల చెత్తబుట్టలో పడుతున్న అమానతు

సమస్త స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు కురియుగాక!



జూన్‌లో బడులు తెరిచే వేళ ప్రతి ఇంట్లోనూ ఒక లెక్క జరుగుతుంది. ఫీజు ఎంత, పుస్తకాలకు ఎంత, బ్యాగుకు ఎంత, యూనిఫారానికి ఎంత అని తల్లిదండ్రులు వేళ్ళు మడిచి లెక్కిస్తారు. చేతిలో డబ్బు చాలనివారు నగ తాకట్టు పెడతారు, లేదా తెలిసినవారి దగ్గర చేబదులు తీసుకుంటారు. పది నెలలు గడుస్తాయి. ఏప్రిల్‌లో ఆఖరి పరీక్ష ముగిసిన మధ్యాహ్నం, అదే డబ్బుతో కొన్న నోటుపుస్తకాలను పిల్లలు చింపి గాలిలోకి ఎగరేస్తారు. బడి గేటు ముందు రోడ్డంతా కాగితపు ముక్కలే. వాటిలో సగం పేజీల మీద ఒక్క అక్షరం కూడా ఉండదు.

జూన్‌లో తండ్రి వేసిన లెక్క ఆ రోజుతో ముగిసిందని మనం అనుకుంటాం. కాని ఒక విశ్వాసి దృష్టిలో ఆ లెక్క అప్పుడే ముగియదు. అల్లాహ్ ప్రసాదించిన వరాలన్నింటి గురించి ఆ రోజున తప్పక ప్రశ్నించడం జరుగుతుందని దివ్య ఖుర్ఆన్ 'అత్తకాసుర్' సూరా చివరి ఆయతు హెచ్చరిస్తోంది. అందులో కాగితానికి, అన్నానికి, నీటికి మినహాయింపు ఏదీ లేదు.

తిర్మిజీ గ్రంథంలో హజ్రత్ అబూ బర్జా (రజి) ఉల్లేఖించిన హదీసు ఒకటి ఉంది. ప్రళయదినాన మనిషి నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పనిదే అడుగు కదపలేడని దైవప్రవక్త (స) ఆ హదీసులో తెలియజేశారు. జీవితకాలాన్ని ఎందులో గడిపావు? నేర్చిన విద్య ప్రకారం ఏమి ఆచరించావు? ధనం ఎక్కడి నుంచి సంపాదించావు, ఎందులో ఖర్చు చేశావు? శరీరాన్ని ఏ పనిలో అరగదీశావు? ఈ నాలుగూ అడగబడే విషయాలు. కాస్త ఆలోచించండి. వయసు, విద్య, ధనం, శరీరం - ఈ నాలుగూ ఒకేచోట కలిసే ప్రదేశం ఏది? పాఠశాలే కదా! అందుకే పాఠశాలలో జరిగే దుబారాను చిన్న విషయంగా తీసివేయడానికి మాకు మనసొప్పడం లేదు.

దుబారా అంటే ఏమిటి?

ధర్మవేత్తలు దుబారాను రెండు మాటలతో వివరించారు. ఒకటి ఇస్రాఫ్. అంటే ధర్మసమ్మతమైన వస్తువునే అవసరానికి మించి వాడటం. రెండవది తబ్జీర్. అంటే వెచ్చించకూడని చోట వెచ్చించడం, చేజేతులా పాడుచేయడం. 'అల్ ఆరాఫ్' సూరా 31వ ఆయతు తినమని, తాగమని అనుమతిస్తూనే హద్దు మీరవద్దని ఆదేశిస్తుంది. హద్దు మీరేవారు అల్లాహ్‌కు ఇష్టులు కారని చెబుతుంది. 'బనీ ఇస్రాయీల్' సూరా 26, 27 ఆయతులైతే ఇంకా కఠినంగా మాట్లాడతాయి. ధనాన్ని వృథా చేసేవారిని షైతాను సోదరులుగా అవి పేర్కొంటాయి. షైతాను తన ప్రభువు పట్ల కృతఘ్నుడు. ఇచ్చిన వరాన్ని పాడుచేసేవాడు కూడా ఆ కృతఘ్నతలోనే వాడితో బంధుత్వం కలుపుకుంటున్నాడు.

అయితే ఇస్లాం పిసినారితనాన్ని కూడా మెచ్చుకోదు. 'అల్ ఫుర్ఖాన్' సూరా 67వ ఆయతులో కరుణామయుని దాసుల సుగుణాలు చెబుతూ, వారు ఖర్చులో దుబారాకు గాని లోభానికి గాని పోరని, ఆ రెండింటి మధ్య నిలుస్తారని అల్లాహ్ తెలిపాడు. కాబట్టి పిల్లవాడికి పెన్సిలు కొనివ్వకుండా ఏడిపించడం పొదుపు కాదు. కొన్న పెన్సిలును చివరంటా వాడటం నేర్పడం పొదుపు.

ఇక పాఠశాలలో ఏమేమి వృథా అవుతున్నాయో ఒక్కొక్కటిగా చూద్దాం.

అన్నం

ప్రభుత్వ పాఠశాలలలో మధ్యాహ్న భోజన పథకం ఉంది. 2021 నుంచి దాన్ని పి.ఎం. పోషణ్ అని పిలుస్తున్నారు. ప్రాథమిక తరగతుల పిల్లవాడికి రోజుకు 100 గ్రాములు, ప్రాథమికోన్నత తరగతుల పిల్లవాడికి 150 గ్రాముల ఆహార ధాన్యం చొప్పున ఇందులో కేటాయిస్తారు. ప్రైవేటు బడులలో తల్లి తెల్లవారకముందే లేచి కట్టిచ్చిన టిఫిన్ బాక్సు ఉంటుంది. అన్నం ఎక్కడిదైనా ఒక్కటే, అల్లాహ్ ఇచ్చిన రిజ్ఖ్.

చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక బడిలో 500 మంది పిల్లలు ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరు రోజుకు ఒక్క గుప్పెడు, అంటే సుమారు 50 గ్రాముల అన్నం పారవేశారనుకుందాం. ఒక్క రోజుకు 25 కిలోలు. బడి 220 రోజులు నడిస్తే 5,500 కిలోలు. ఏ పిల్లవాడిని అడిగినా, నేను వదిలింది ఒక్క గుప్పెడే కదా అంటాడు. వాడు చెప్పింది నిజమే. ఆ గుప్పెళ్ళన్నీ కలిస్తే అయిదున్నర టన్నులు.

చేతిలోని ముద్ద జారి కింద పడితే, అంటిన మట్టిని తుడిచి తినమని, దాన్ని షైతాను కోసం వదలవద్దని దైవప్రవక్త (స) బోధించారు. పళ్ళెంలో మిగిలినది కూడా శుభ్రంగా తుడిచి తినమన్నారు. తమ ఆహారంలో ఏ భాగంలో శుభం ఉందో తినేవారికి తెలియదని కారణం కూడా చెప్పారు. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లిం గ్రంథంలో ఉంది. మనం పారవేసిన ఆ చివరి ముద్దలోనే బర్కత్ ఉండి ఉంటే? ఇంట్లో ఎంత తెచ్చినా చాలడం లేదని వాపోయేవారు ఈ హదీసును ఒకసారి గుర్తుచేసుకోవాలి.

మరి పిల్లవాడికి కూర నచ్చకపోతే? దైవప్రవక్త (స) ఏనాడూ భోజనానికి వంక పెట్టలేదని, ఇష్టమైతే తినేవారని, లేకుంటే ఊరకుండేవారని హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. కాబట్టి బలవంతంగా కుక్కనక్కరలేదు, వంకలు పెట్టి పారవేయనూ అక్కరలేదు. మొదట కొంచెం పెట్టించుకోవాలి, ఆకలి ఉంటే మళ్ళీ అడగాలి. వడ్డించేవారు కూడా గంపెడు అన్నం ఒకేసారి కుమ్మరించి చేతులు దులుపుకోరాదు. ముట్టని అన్నం మిగిలితే పాడవకముందే ఆకలిగొన్నవారికి చేర్చాలి. తిని వదిలిన దాన్ని కోళ్ళకో, పశువులకో పెట్టాలి. ప్రాణమున్న ప్రతి జీవికీ చేసే మేలులో పుణ్యం ఉందని మన ప్రవక్త (స) నేర్పారు. కాని ఆ అన్నాన్ని పాలిథిన్ సంచిలో మూటకట్టి వీధిలో విసరడం మేలు కాదు. ఆవు ఆ సంచితో సహా మింగుతుంది. సంచి దాని కడుపులోనే ఉండిపోతుంది. మనం మేత పెట్టామనుకుంటాం, పెట్టింది మృత్యువును.

నీరు

బడిలో కుళాయి కట్టేయకుండా పరుగెత్తే పిల్లలను అందరూ చూసే ఉంటారు. మదరసాలో వుజూ చేసే చోట కుళాయిని పూర్తిగా తిప్పి, ముఖం కడుగుతూ పక్కవాడితో మాట్లాడే విద్యార్థులనూ చూసే ఉంటారు.

ప్రవహించే నది ఒడ్డున వుజూ చేస్తున్నా నీటిని దుబారా చేయరాదని దైవప్రవక్త (స) హజ్రత్ సఅద్ (రజి)ను హెచ్చరించిన ఉల్లేఖనం ఇబ్నె మాజా గ్రంథంలో ఉంది. దీని పరంపర విషయంలో హదీసు పండితుల మధ్య చర్చ ఉన్నది. అయితే బుఖారీ, ముస్లిం గ్రంథాలలో హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన హదీసు విషయంలో ఆ చర్చకు తావు లేదు. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో వుజూ చేసేవారు, ఒక సాఅ నుంచి అయిదు ముద్ద్‌ల వరకు నీటితో గుస్ల్ చేసేవారు. ముద్ద్ అంటే మధ్యస్థమైన మనిషి రెండు చేతుల దోసిలి నిండేంత. నేటి కొలతలో ముప్పావు లీటరు నుంచి ఒక లీటరు దాకా అనుకోవచ్చు.

ఉస్తాదులకు మా మనవి ఒక్కటే. ఒక రోజు కుళాయి కింద బకెట్ పెట్టి, విద్యార్థి చేత మామూలుగా వుజూ చేయించండి. తరువాత ఆ నీటిని లీటరు సీసాతో కొలిచి చూపించండి. పక్కనే ప్రవక్త (స) వాడిన ఒక్క ముద్ద్ నీటిని ఉంచండి. గంటసేపు ఉపన్యసించినా ఎక్కని విషయం ఆ బకెట్‌ను చూడగానే తలకెక్కుతుంది. చేతులు, గిన్నెలు కడిగిన నీరు కాలువ పాలు కాకుండా పాదులలోకి మళ్ళిస్తే బడి ఆవరణలో నాలుగు చెట్లు బ్రతుకుతాయి.

కాగితం

నోటుపుస్తకంలో మిగిలిన తెల్ల కాగితాలను విప్పి, కుట్టి, రఫ్ పుస్తకం చేయడం ఒకప్పుడు ప్రతి ఇంట్లో వేసవి సెలవుల పని. దబ్బనం, దారం ఉంటే చాలు. ఈ అలవాటును తిరిగి తేవాలి. పాఠ్యపుస్తకాలకు జూన్‌లోనే అట్టలు వేసి, ఏప్రిల్‌లో కింది తరగతి పిల్లలకు అప్పగించాలి. మనిషి మరణించాక కూడా పుణ్యం ఆగకుండా చేరే మూడింటిలో సదఖయే జారియా ఒకటి, ప్రయోజనకరమైన విద్య ఒకటి అని ముస్లిం గ్రంథంలోని హదీసు చెబుతోంది. నీవు చదివిన పుస్తకాన్ని నీ తరువాత పేదపిల్ల చదివి, ఆమె తరువాత మరొకరు చదివితే, ఆ పుణ్యంలో నీకూ భాగం దక్కుతుందని ఆశించవచ్చు కదా!

ఇక్కడ మదరసాలకు, ముస్లిం పాఠశాలలకు ప్రత్యేకమైన విషయం ఒకటుంది. అరిగిపోయిన ఖాయిదాలు, చిరిగిన సిపారాలు, ఆయతులు, హదీసులు, అల్లాహ్ నామం ఉన్న కాగితాలను ఏం చేయాలి? వాటిని మామూలు చిత్తు కాగితాలతో కలిపి తూకానికి అమ్మరాదు. అవి పొట్లాలై, విస్తళ్ళై, చివరకు మురికి కాలువలో తేలుతాయి. అలాంటి కాగితాలను శుభ్రమైన బట్టలో చుట్టి, ఎవరూ తొక్కని చోట గొయ్యి తీసి పూడ్చడం ఉత్తమమని మన పండితులు చెప్పారు. అవమానం జరగకుండా కాల్చివేయడానికి హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలంలో జరిగిన పనిని ఆధారంగా చూపిన పండితులూ ఉన్నారు. ప్రామాణిక ప్రతులు సిద్ధమయ్యాక మిగతా వ్రాతలను కాల్చివేయమని ఆయన ఆదేశించినట్లు బుఖారీలో ఉంది. మొత్తం మీద ఉద్దేశం గౌరవమే. ప్రతి తరగతిలో అలాంటి కాగితాల కోసం గోడకు, ఎత్తులో, ఒక ప్రత్యేక పెట్టె బిగించాలి. ఈ మాట తెలుగు, ఉర్దూ ధార్మిక పత్రికలకూ వర్తిస్తుంది. మీ చేతిలోని ఈ పత్రికకు కూడా.

తోలు చెప్పిన పాఠం

వాడిన వస్తువును తిరిగి ఉపయోగంలోకి తేవడం ఈ కాలం కనిపెట్టిన కొత్త సంగతి అని చాలామంది అనుకుంటారు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన చూడండి. విశ్వాసుల మాత హజ్రత్ మైమూనా (రజి అన్హా) వద్ద బానిసత్వం నుంచి విముక్తి పొందిన ఒక స్త్రీకి ఎవరో గొర్రెను దానమిచ్చారు. అది చనిపోయింది. పారవేసిన ఆ కళేబరాన్ని చూసిన దైవప్రవక్త (స), దాని తోలు తీసి, శుద్ధిచేసి ఎందుకు వాడుకోలేదని అడిగారు. అది చచ్చిన జంతువు కదా అని వారు సందేహించారు. నిషిద్ధమైనది దాన్ని తినడం మాత్రమేనని ఆయన వివరించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలో ఉంది.

పేదరాలికి దక్కిన ఒక గొర్రె పోయింది. ఆమెకు నష్టం జరిగింది. ఆ నష్టంలోంచి ఎంత మిగుల్చుకోవచ్చో అంత మిగుల్చుకోమని ప్రవక్త (స) దారి చూపారు. పూర్తిగా పనికిరానిది అని తీర్పు చెప్పేముందు ఒకసారి ఆగి చూడమన్నది ఇందులోని పాఠం. ఆయన తమ చెప్పులు తామే కుట్టుకునేవారని, తమ దుస్తులకు తామే అతుకులు వేసుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి అన్హా) తెలిపారు. జిప్పు పోయిందని బ్యాగునే మార్చే పిల్లవాడికి, ప్రతి జూన్‌లోనూ కొత్త నీళ్ళ సీసా అడిగే పిల్లకు ఈ సున్నత్ చెప్పవలసిన బాధ్యత మనదే.

వేరు చేయడంలోనే ఉంది కిటుకు

వాడటం తగ్గించాలి, వాడినదాన్నే మళ్ళీ వాడాలి. అప్పటికీ మిగిలిన దాన్ని కొత్త వస్తువుగా మార్చడానికి పంపాలి. ఈ మూడవ మెట్టు దగ్గరే ఎక్కువమంది తడబడతారు. కారణం, అన్నీ ఒకే బుట్టలో వేయడం. పొడిగా ఉన్న కాగితాన్ని పాత సామాన్ల కొట్టువాడు తూకం వేసి కొంటాడు. అదే కాగితం మీద సాంబారు పడితే దాన్ని ఎవరూ ముట్టరు. రోజంతా రాసిన కాగితాన్ని ఒక్క అరటి తొక్క పాడుచేస్తుంది. మన మంచి పనులలో ప్రదర్శనా బుద్ధి కలిసినా అంతే కదా!

అందుకే తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు, ప్రమాదకరమైనవి వేరు అని విభజించాలని 2016లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఆదేశించాయి. హైదరాబాదు నగరపాలక సంస్థ 2015లోనే ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం రంగు డబ్బాలు పంచింది. అయితే డబ్బా రావడం వేరు, అలవాటు రావడం వేరు. అలవాటు బడిలోనే మొదలవ్వాలి.

ఇది మన ప్రాంతంలో సాధ్యమేనా అని సందేహించేవారు సూర్యాపేటను గుర్తుచేసుకోవాలి. అప్పటి నల్లగొండ జిల్లాలోని ఆ పట్టణంలో 2000ల తొలి సంవత్సరాలలో మునిసిపల్ కమిషనరు ఎస్.ఎ. ఖాదర్ హయాంలో తడి, పొడి చెత్తలను ఇళ్ళ దగ్గరే వేరుచేయించారు. తడి చెత్తను ఎరువుగా మార్చారు, పొడి చెత్తను అమ్మారు. లక్ష జనాభా ఉన్న పట్టణం చేసిన పనిని అయిదు వందల మంది ఉన్న పాఠశాల చేయలేదా?

తడి చెత్తను ఎరువు చేయడం కష్టమైన విద్య కాదు. బడి ఆవరణలో ఓ మూల, నీరు నిలవని చోట, మోకాలి లోతున రెండు గుంతలు తవ్వాలి. అడుగున ఎండుటాకులు పరచాలి. వాటిపై కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం వేయాలి. మళ్ళీ ఎండుటాకులు, పైన కాస్త మట్టి. ఆకులు ఎక్కువగా, తడి చెత్త తక్కువగా ఉంటే దుర్వాసన రాదు, ఈగలు ముసరవు. పిండితే నీరు కారనంత తడి ఉంచి, వారానికోసారి తిరగెయ్యాలి. ఒక గుంత నిండాక రెండవది మొదలుపెట్టాలి. రెండు మూడు నెలలలో మొదటి గుంతలో నల్లని, మట్టివాసన వేసే ఎరువు తయారవుతుంది. ఒక ముస్లిం నాటిన మొక్క నుంచి మనిషి గాని, పక్షి గాని, పశువు గాని తింటే అది అతనికి దానంగా లిఖించబడుతుందని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన హదీసు తెలుపుతోంది. నిన్న పారవేసిన తొక్క నేడు ఎరువై, రేపు జామకాయై, ఆ జామకాయను ఓ చిలుక కొరికితే, ఆ బడి పిల్లల కర్మల పత్రంలో దానం వ్రాయబడుతుంది.

పొడి చెత్తలో కాగితాలు, అట్టపెట్టెలు, నీళ్ళ సీసాలు, రేకు డబ్బాలు వేటికవి కట్టి నెలకోసారి అమ్మవచ్చు. చిప్స్ ప్యాకెట్ల సంగతి వేరు. వాటిలో ప్లాస్టిక్, లోహపు పొరలు అతికి ఉండటం వల్ల వాటిని కొనేవారు దాదాపు ఉండరు. అలాంటివి బడికి తేకపోవడమే మంచి మార్గం. ఇంటి నుంచి వేరుశనగ ఉండనో, పండునో డబ్బాలో పెట్టి పంపితే పిల్లవాడి ఆరోగ్యమూ బాగుంటుంది, బుట్టా తేలికగా ఉంటుంది. ఇక చెత్తను బడి వెనుక కుప్పపోసి నిప్పుపెట్టడం మాత్రం ఎంతమాత్రం తగదు. ప్లాస్టిక్ కాలినప్పుడు వచ్చే విషవాయువులు పక్క గదిలో చదువుకునే పసిపిల్లల ఊపిరితిత్తులలోకే పోతాయి. భూమిలో, సముద్రంలో కనిపించే చెడుగు మానవుల చేతలవల్లనేనని 'అర్రూమ్' సూరా 41వ ఆయతు ఎప్పుడో చెప్పింది.

చెత్త ఎత్తే చేతులు

సోదరులారా! మనం విసిరినది దానంతట అది మాయమైపోదు. ఎవరో వంగి దాన్ని ఎత్తుతారు. బడిలో ఆయా ఎత్తుతుంది. వీధిలో పారిశుద్ధ్య కార్మికురాలు ఎత్తుతుంది. హైదరాబాదు చెత్త చివరకు చేరే జవహర్‌నగర్ వంటి గుట్టల మీద పేదలు ఒట్టి చేతులతో ఏరుకుంటారు. మనం కలిపేసిన చెత్తలో వారికి పగిలిన గాజు ముక్క గుచ్చుకుంటుంది. మన పిల్లల వయసు పిల్లలే బడికి పోకుండా భుజాన గోతాంతో మన పిల్లలు పారవేసిన సీసాలను ఏరుతుంటారు. ఒక పిల్లవాడి నిర్లక్ష్యం మరో పిల్లవాడి బ్రతుకుతెరువు కావడం ఎంతటి విషాదం! చెత్త వేరుచేయడం పర్యావరణానికి సంబంధించినదే కాదు, హుఖూఖుల్ ఇబాద్‌కు, అంటే తోటి దాసుల హక్కులకు సంబంధించినది కూడా.

దైవప్రవక్త (స) మస్జిదును ఊడ్చే ఒక నల్లజాతి వ్యక్తి ఉండేవారు. ఆమె స్త్రీ అని ఎక్కువ ఉల్లేఖనాలు తెలుపుతున్నాయి. కొన్నాళ్ళు కనిపించకపోయేసరికి ఆయన ఆమె గురించి అడిగారు. చనిపోయిందని చెప్పారు. ఆ విషయం తమకెందుకు తెలియజేయలేదని ఆయన సహచరులను ప్రశ్నించారు. వారు ఆమె విషయాన్ని చిన్నదిగా భావించినట్లుంది. ఆయన సమాధి ఎక్కడుందో చూపమని, స్వయంగా వెళ్ళి ఆమె కోసం జనాజా నమాజు చేశారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని ఈ హదీసును ప్రతి పాఠశాలలో చెప్పాలి. చెప్పిన తరువాత పిల్లలను ఒక ప్రశ్న అడగాలి: మన బడి ఊడ్చే ఆయా పేరు మీకు తెలుసా?

మూడు అభ్యంతరాలు

ఇవి దునియా పనులు, వీటిని ధార్మిక ప్రసంగాలలోకి ఎందుకు లాగడం అని కొందరు అంటారు. దారిలోని బాధాకరమైన వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు. అల్లాహ్ తప్ప ఆరాధ్యుడు లేడన్న సాక్ష్యం ఏ విశ్వాసపు పై కొమ్మయో, దారిలోని ముల్లు తీయడం అదే విశ్వాసపు కింది కొమ్మ. చెట్టు ఒక్కటే.

మా డబ్బుతో కొన్నాం, పారవేసుకుంటే ఎవరికి నష్టం అని మరికొందరు అంటారు. ధనాన్ని వ్యర్థం చేయడం అల్లాహ్‌కు ఇష్టం లేని మూడు విషయాలలో ఒకటని హజ్రత్ ముగీరా (రజి) ఉల్లేఖించిన హదీసు చెబుతోంది. అది ఎవరి ధనమన్న తేడా అందులో లేదు. అసలు యజమాని అల్లాహ్. మనం అమానతుదారులం మాత్రమే. ఇక మధ్యాహ్న భోజనం, చందాలతో నడిచే మదరసా భోజనం అయితే అందులో ప్రజల సొమ్ము ఉంది, జకాత్ ఉంది, ఓ విధవరాలు ఇచ్చిన పది రూపాయలూ ఉన్నాయి. దాన్ని పారవేసే హక్కు ఎవరిచ్చారు?

ఒక్క మా బడి మారితే దేశం మారుతుందా అన్నది మూడవ అభ్యంతరం. దేశం గురించి కాదు, నీ గురించి నిన్ను అడుగుతారు. అణువంత మేలు చేసినవాడు దాన్ని చూసుకుంటాడని, అణువంత కీడు చేసినవాడూ దాన్ని చూసుకుంటాడని 'అజ్జిల్జాల్' సూరా మనకు నేర్పింది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రధానోపాధ్యాయులకు, మదరసా నిర్వాహకులకు మా విన్నపం: ప్రతి తరగతిలో రెండు బుట్టలు, ఆవరణలో రెండు గుంతలు, కార్యాలయంలో ఒక పుస్తకాల అల్మారా ఏర్పాటు చేయండి. పాత కాగితాలు అమ్మగా వచ్చిన సొమ్ము ఎంతో గోడమీద రాయండి. దాన్ని ఫీజు కట్టలేని పిల్లలకు, లేదా ఆయా చేతికి తొడుగులు కొనడానికి వాడండి. పిల్లలు ఊడ్చేటప్పుడు ఉపాధ్యాయుడు కూడా చీపురు పట్టాలి. కందకం తవ్విన రోజున దైవప్రవక్త (స) ఒడ్డున నిలబడి ఆజ్ఞలు జారీచేయలేదు, తామే మట్టి మోశారు.

తల్లిదండ్రులకు: స్టీలు డబ్బా, స్టీలు సీసా, రీఫిల్ మార్చుకునే పెన్ను కొనండి. ఒకసారి కొంటే ఏళ్ళు వస్తాయి. పిల్లవాడు డబ్బాలో రోజూ వదిలేస్తుంటే కోప్పడకుండా, రేపటి నుంచి కాస్త తక్కువ పెట్టండి.

మస్జిద్ కమిటీలకు, విందులు చేసేవారికి: పిల్లలు బడిలో నేర్చినది మన ఇఫ్తార్లలో, వలీమాలలో చూసి మరచిపోతారు. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు దేశమంతటా నిషేధించబడ్డాయి. దస్తర్‌ఖాన్ మీద స్టీలు పళ్ళేలు, లేదా మన పల్లెల్లోని విస్తరాకులు పరిస్తే చట్టాన్నీ గౌరవించినట్లవుతుంది, సున్నత్‌నూ పాటించినట్లవుతుంది.

ప్రియమైన విద్యార్థులారా! మీకు చెప్పేది కొంచెమే. ఆఖరి పరీక్ష రోజున పుస్తకం చింపకండి. దాన్ని ఇచ్చేందుకు మీకంటే చిన్నవాడిని ఒకణ్ణి ముందే వెతికిపెట్టుకోండి. పుస్తకం చేతికిచ్చినప్పుడు ఆ పిల్లవాడు మీ కోసం ఒక్క దుఆ చేస్తే, మీ మార్కుల పట్టికలో లేని మార్కు ఒకటి మీ కర్మల పత్రంలో చేరుతుంది.

ఓ అల్లాహ్! నీవిచ్చిన ప్రతి వరాన్ని అమానతుగా భావించే బుద్ధిని మాకు ప్రసాదించు. మా పిల్లలను దుబారా నుంచి, లోభం నుంచి కాపాడి మధ్యేమార్గంలో నడిపించు. మా వీధులను, మా బడులను శుభ్రపరిచే చేతులకు ఇహపరాలలో గౌరవం కల్పించు. లెక్క అడిగే రోజున మా లెక్కను సులభతరం చెయ్యి. ఆమీన్.